పురిటి వార్డు గోడ

పెద్ద సిస్టర్ రిటైరై చాలా ఏళ్లయింది గానీ, పొద్దున్నే రౌండుకు వెళ్లే అలవాటు మాత్రం పోలేదు. ఆసుపత్రి మూతబడింది కాబట్టి ఇప్పుడు ఇల్లే ఆవిడ వార్డు. దుప్పటి మూల సరిగ్గా మడవకపోతే విప్పి మళ్లీ మడుస్తుంది. కిటికీ చెక్క మీద వేలితో రాసి చూస్తుంది. వేలికి దుమ్ము అంటిందంటే ఆ పూట ఇంట్లో ఎవరికో మూడినట్టే. ఆ రోజు మూడింది లెక్కల మాస్టారైన కొడుక్కి.

"ఒరేయ్, ఈ కిటికీ తుడిచి ఎన్నాళ్లయింది?"

"నిన్ననే తుడిచానమ్మా!"

"ఏ గుడ్డతో? బూట్లు తుడిచే గుడ్డతోనా?"

కొడుకు కాఫీ గ్లాసు వెనక మొహం దాచుకున్నాడు. ఇంతలో కోడలు ఒక చేత్తో హెల్మెట్టు, ఇంకో చేత్తో కొలతల టేపు పట్టుకుని హడావిడిగా గది లోంచి వచ్చింది.

"వెళ్లొస్తా అత్తయ్యా. మధ్యాహ్నం భోజనానికి రాను."

"ఎప్పుడొచ్చావు గనకమ్మా, ఇవాళ కొత్తగా చెబుతున్నావు?"

నవ్వుతూనే అంది గానీ ఆ మాటలో చిన్న ముల్లుంది. కోడలు అది గుచ్చుకున్నట్టే ఒక్క క్షణం ఆగి, హెల్మెట్టు తగిలించుకుని వెళ్లిపోయింది.

కోడలు ఇంజినీరు. కొత్త కట్టడాలు కట్టే ఇంజినీరు కాదు. పాతబడి, మూతబడి, ఇక కూల్చేద్దామని అందరూ అనుకున్న భవనాలను నిలబెట్టి, వాటికి మళ్లీ ఒక పని అప్పజెప్పే ఇంజినీరు. ధాన్యం గిడ్డంగిని బడి చేసింది, పాత పోస్టాఫీసును సంగీత పాఠశాల చేసింది. ఇప్పుడు ఆమె చేతిలో ఉన్నది ఊళ్లోని పాత కాన్పుల ఆసుపత్రి, అంటే పెద్ద సిస్టర్ జీవితమంతా పనిచేసిన చోటు. కోడలు కూడా అక్కడే పుట్టిందట. పసిపిల్లగా ఉన్నప్పుడే తల్లి పోతే, తండ్రి పిల్లలను తీసుకుని ఊరు దాటాడు. ఊళ్లో సగం మంది అక్కడ పుట్టినవాళ్లే కాబట్టి ఆ సంగతి ఇంట్లో ఎవరికీ పెద్ద విశేషంగా తోచలేదు.

ఆసుపత్రిని గ్రంథాలయం చేయడానికి కమిటీ ఒప్పుకుంది, ఒక్క వెనక భాగం తప్ప. అక్కడున్నది పురిటి వార్డు. దాని గోడ కిటికీ మూల నుంచి కిందికి బీటవారింది. "అది కూలే గోడ, బుల్‌డోజర్ పెట్టించండి" అంటుంది కమిటీ. "పాత బీట అది, కదలడం లేదు. అక్కడ పిల్లల చదువుగది చేద్దాం" అంటుంది కోడలు. వానలయ్యాక కమిటీ తరఫు ఇంజినీరు వచ్చి కళ్లారా చూసి తేల్చాలి. ఆయన వచ్చే రోజు దగ్గరపడింది.

ఇంతమటుకు పెద్ద సిస్టర్‌కు తెలుసు. తెలియనిది ఒకటే, అది తేల్చేదెలాగన్నది. కోడలు చెప్పలేదు, ఆవిడ అడగలేదు. అయినా ఆ పొద్దున ఆవిడకు ఒక మంచి ఆలోచన వచ్చింది. పెద్దమనిషి చూడటానికి వస్తుంటే వార్డు అలా బూజు పట్టి ఉంటే ఏం బాగుంటుంది? ఈ పిల్లకు ఇంటిపనికే తీరిక లేదు, వార్డు ఎవరు తుడుస్తారు? చీపురు, బకెట్టు, రెండు పొడి గుడ్డలు తీసుకుని బయల్దేరింది.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆవిడను చూడగానే లేచి నిలబడి తాళం తీశాడు. వాడూ ఆవిడ చేతుల మీద పుట్టినవాడే. ఏమిటి, ఎందుకు అని అడిగే ధైర్యం వాడికెక్కడిది?

పురిటి వార్డులో మంచాలు లేవు, తెరలు లేవు. గోడకు నడుము ఎత్తు వరకు తెల్ల పలకలు మాత్రం అలాగే ఉన్నాయి. ఆవిడ పైట నడుముకు బిగించి ఊడవడం మొదలుపెట్టింది. కిటికీ దాకా వచ్చేసరికి గోడ మీద, బీటకు అడ్డంగా, నాలుగైదు చోట్ల గాజుముక్కలు కనిపించాయి. వేలెడేసి పొడుగున్న సన్నటి గాజుబద్దలు. ఒక్కొక్కదానికి రెండు కొసలా మురికి పట్టిన ప్లాస్టరు ముద్దలు, వాటి మీద పెన్సిలుతో ఏదో తేదీ.

పెద్ద సిస్టర్ ప్రాణం ఉసూరుమంది. తేదీ వేసి మరీ వదిలేసిన పాత కట్టు ఎక్కడ కనిపించినా ఆవిడ చేతులు ఊరుకోవు. "ఇన్నాళ్ల కట్టు ఇంకా ఇలాగే ఉంచేస్తారా!" అని గొణుక్కుంటూ, ప్లాస్టరు తడిపి, నానబెట్టి, ఓపిగ్గా ఒక్కొక్కటే ఊడదీసింది. గోడను తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచింది. గాజుముక్కలు పటుక్కున విరిచి, ఎవరికీ గుచ్చుకోకుండా కాగితంలో చుట్టి చెత్తలో పడేసింది. బయటికొచ్చి వెనక్కి తిరిగి చూసుకుంటే గోడ కడిగిన ముత్యంలా ఉంది.

సాయంత్రం భోజనాల దగ్గర ఆ కబురు చెప్పేదాకా ఆవిడ కడుపు ఉబ్బిపోయింది.

"అమ్మాయ్, ఇవాళ నీ వార్డు అద్దంలా చేసి వచ్చాను. ఆ గోడకు ఎవరో మురికి గాజుముక్కలు అతికించి వదిలేశారు, అన్నీ తీసి పారేశా."

కోడలి చేతిలో ముద్ద కంచంలో పడింది.

"ఏ గాజుముక్కలు అత్తయ్యా? బీట మీదవా?"

"అవే. ఏం, దాచిపెట్టాల్సిందా?"

"అయ్యో!" అంటూ కోడలు లేచి నిలబడింది. మొహం పాలిపోయింది. "అవి నేను అతికించినవి! గోడ వెంట్రుకవాసి కదిలినా ఆ గాజు విరుగుతుంది. వానలన్నీ గడిచినా ఒక్కటి కూడా విరగలేదు. ఆ విరగని గాజే నా సాక్ష్యం. ఆయనొచ్చి చూస్తే చాలు, గోడ దక్కేది. ఇప్పుడేం చూపించను? మా అత్తగారు తుడిచేశారని చెప్పనా?"

"నాకేం తెలుసమ్మా? పాత కట్టనుకున్నాను..."

"అడగొచ్చు కదా! అన్నీ తుడిచేయడమే మీకు. నా బల్ల మీద కాగితాలు సర్దేస్తారు, అరలో నా వస్తువులు మార్చేస్తారు, ఇప్పుడు నా గోడ మీద పడ్డారు!"

"నీ గోడా?" పెద్ద సిస్టర్‌కు రోషం ముంచుకొచ్చింది. "నువ్వు పుట్టకముందు నుంచి అది నా గోడ!"

"మీ గోడే అత్తయ్యా. మీ చేతులతో మీరే కూల్చుకున్నారు."

"నువ్వు కాస్త ఆగు..." అని కొడుకు ఏదో అనబోయాడు. ఇద్దరూ ఒకేసారి తిరిగి చూసేసరికి మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు.

మర్నాడు పొద్దున ఇంట్లో రౌండు జరగలేదు. దుప్పట్లు ఎలా పడున్నాయో అలాగే ఉన్నాయి. కొడుకు కిటికీ దగ్గర కావాలనే అటూ ఇటూ తిరిగాడు. తిట్లు పడకపోయేసరికి వాడికి భయం పట్టుకుంది. గదిలోకి తొంగిచూస్తే తల్లి మంచం మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. ఎన్ని వేలమందికి ఆసరా అయిన చేతులు! చివరికి ఇంత పని చేశాయేమిటి అన్నదే ఆవిడ బాధ. ఆ వార్డు పోతే తాను బతికిన బతుకు చెప్పడానికి ఊళ్లో ఒక్క గోడైనా మిగలదు.

కోడలు వచ్చి పక్కన కూర్చుంది. హెల్మెట్టు లేదు.

"నిన్న అలా అరిచి ఉండాల్సింది కాదు అత్తయ్యా. తప్పు నాదీ ఉంది. ఆ గాజు సంగతి మీకు ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదు. ఇంటికొచ్చి నోరు విప్పను కదా నేను."

"పుండు మానిందో లేదో చూడాలంటే మేం కట్టు విప్పుతాం తల్లీ. విప్పకుండా చూడటం ఉంటుందని నాకేం తెలుసు?" అంది ఆవిడ.

కోడలు ఆ చేతుల మీద తన చెయ్యి వేసింది. తలెత్తేసరికి ఆమె చూపు ఎదుటి గోడ మీది ఫోటోపై పడింది. పడుచు పెద్ద సిస్టర్ కిటికీ పక్కన నిలబడి పసిబిడ్డను ఎత్తుకున్న ఫోటో. బిడ్డ ఎవరో కాదు, లెక్కల మాస్టారే. రోజూ చూసే ఫోటోనే. కోడలు దగ్గరికి వెళ్లి కళ్లు చికిలించింది.

"అత్తయ్యా, ఇది ఎక్కడ తీశారు?"

"వార్డులోనే. అక్కడ వెలుతురు బాగుంటుంది. ఇంటికెళ్లే రోజు ప్రతి తల్లినీ బిడ్డతో ఆ కిటికీ పక్కనే నిలబెట్టేదాన్ని. గేటు ఎదురుగా స్టూడియో అతను వచ్చి తీసేవాడు. నేను పెట్టిన అలవాటే అది."

"ప్రతి తల్లినా?"

"నేను డ్యూటీలో ఉంటే వదిలేదాన్నా?"

"ఇటు రండి, బిడ్డ వెనక చూడండి. కిటికీ మూల నుంచి గీత కనబడుతోందా? పై నుంచి మూడో పలక దగ్గర ఆగింది. ఇప్పుడూ అక్కడే ఆగి ఉంది! మీ అబ్బాయి పుట్టినప్పుడు ఎంత ఉందో అంతే!" కోడలి గొంతులో ప్రాణం లేచొచ్చింది. "కానీ ఒక్కటి చాలదు. ఆ తరవాతి ఏళ్లవి కూడా కావాలి. అందరూ దాచుకుని ఉంటారంటారా?"

పెద్ద సిస్టర్ అప్పటికే చెప్పులు వెతుక్కుంటోంది.

ఆ రోజు ఊరు చూసిన రౌండు అలాంటిలాంటిది కాదు. టైలరు దుకాణం, బస్సు డిపో, కూరల అంగడి, బడి, దేన్నీ వదల్లేదు. "మెడకు పేగు చుట్టుకుని వస్తే నిన్ను బయటికి తీశానా లేదా? ఒక్క ఫోటో వెతికి ఇవ్వలేవూ?" అని బస్సు డ్రైవరును నలుగురిలో నిలదీసింది. అతను బస్సు ఆపి ఇంటికి పరిగెత్తాడు. కొందరు పెట్టెలు తిరగేసి తెచ్చారు, కొందరు పటాలతో సహా పట్టుకొచ్చారు. కూరలమ్మే ఆవిడ ఫోటో చేతికిస్తూ, "మా అమ్మ పోయేదాకా మీ పేరే తలుచుకుంది సిస్టరమ్మా" అని కళ్లు ఒత్తుకుంది. పెద్ద సిస్టర్, "సరే సరే, ముందు ముక్కు తుడుచుకో" అంది.

ఇంట్లో నేలంతా ఫోటోలు పరిచారు. ప్రతిదాంట్లో ఒక తల్లి, ఒక బిడ్డ, వెనక గోడ. ప్రతిదాంట్లో ఒక పక్క నుంచి తెల్లచొక్కా చెయ్యి వచ్చి బిడ్డ తల కింద ఆనింది. బొటనవేలి మొదట్లో పాత కాలిన మచ్చ.

"ఈ చెయ్యి ఎవరిదమ్మా?" అన్నాడు కొడుకు.

"ఇంకెవరిది? నాదే, ఈ మచ్చ కనబడటం లేదూ? కొత్త తల్లులకు చేతులు వణుకుతాయి. 'చెయ్యి తీయండి సిస్టర్, ఫోటో పాడైపోతోంది' అని స్టూడియో అతను మొత్తుకునేవాడు. నేను తీసేదాన్ని కాదు."

కోడలు పలకలు లెక్కపెట్టి, బీట ఎక్కడ ఆగిందో ఒక్కో ఫోటోలో గుర్తుపెట్టింది. కమిటీ ఇంజినీరు వాటిని భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. అది పాత బీటేనని ఒప్పుకున్నాడు గానీ అది చాలదన్నాడు. మళ్లీ గాజు అతికించి ఇంకో వానాకాలం చూద్దామని, అందాకా గోడను ఎవరూ ముట్టుకోకూడదని రాసిచ్చాడు. 'ఎవరూ' అని రాస్తున్నప్పుడు ఆయన కళ్లద్దాల మీదుగా పెద్ద సిస్టర్ వైపు చూశాడు.

ఈసారి గాజు అతికించింది ఆవిడే. "ప్లాస్టరు వెయ్యడం నాకు నేర్పుతావా నువ్వు?" అని కోడలిని పక్కకు జరిపి, ముడత లేకుండా అద్ది, తేదీ వేసింది. వానలు మొదలయ్యాక చినుకు పడితే చాలు, అత్తాకోడళ్లిద్దరూ గొడుగు వేసుకుని బయల్దేరేవాళ్లు. "ముట్టుకోను, చూసొస్తానంతే" అని ఆవిడ, "నేనేమన్నా అన్నానా?" అని కోడలు. దారి పొడుగునా కబుర్లే. ఇంట్లో ఇన్నేళ్లుగా మాట్లాడుకోనివన్నీ ఆ గొడుగు కింద మాట్లాడుకున్నారు.

వానలు వెనకబట్టాయి. గాజు ఒక్కటీ విరగలేదు. "ఈ బీటలో కదలిక లేదు" అని కమిటీ ఇంజినీరు రాసుకుంటుంటే, "మానిపోయిందని రాయండి" అంది పెద్ద సిస్టర్. బీటలో సున్నం నింపి గోడను గట్టిపరిచారు. పాత పలకలు పాతచోటే ఉన్నాయి, మంచాలుండే చోట పిల్లలకు పొట్టి బల్లలు వచ్చాయి. కిటికీ పక్క ఊళ్లోవాళ్ల ఫోటోలన్నీ వరసగా తగిలించారు.

గది తెరిచే రోజు ఎవరూ రాకముందే కోడలు అత్తగారిని అక్కడికి తీసుకెళ్లింది. సంచిలోంచి ఒక ఫోటో తీసింది.

"అన్నయ్య నిన్న పంపాడు. అమ్మది ఇదొక్కటే ఉందని నాన్న ఇన్నాళ్లూ గోడ మీది నుంచి దించనివ్వలేదు. ఇక్కడ పెట్టడానికని పటం లోంచి తీశాను. పటం చెక్క కింద ఇంత అంచు దాగి ఉందని ఎవరికీ తెలియదు. చూడండి."

బక్కపలచని అమ్మాయి, కళ్ల కింద నీరసం, పెదవుల మీద నవ్వు. చేతుల్లో గుడ్డలో చుట్టిన బిడ్డ. ఇన్నాళ్లూ చెక్క కింద దాగిన అంచులోంచి ఒక తెల్లచొక్కా చెయ్యి వచ్చి బిడ్డ తలను పట్టుకుని ఉంది. బొటనవేలి మొదట్లో మచ్చ.

పెద్ద సిస్టర్ ఫోటోను వెలుతురుకు పెట్టి ఆ తల్లి మొహాన్ని ఎంతోసేపు చూసింది. గుర్తు తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించినా రాలేదు. ఆవిడ కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి.

"అబద్ధం చెప్పలేనమ్మా. మీ అమ్మ నాకు గుర్తులేదు. ఎంతమందినని..."

"గుర్తులేకపోతే ఏం అత్తయ్యా," అంది కోడలు, ఆ మచ్చ ఉన్న చెయ్యిని రెండు చేతులతో కళ్లకద్దుకుంటూ. "మా అమ్మ చేతులు వణికినప్పుడు, నా తల పట్టుకున్నారు కదా."

బయట పిల్లల అరుపులు వినిపించాయి. పెద్ద సిస్టర్ పైటకొంగుతో ముందు కోడలి మొహం తుడిచి, తరవాత తన మొహం తుడుచుకుంది. ఫోటోను కోడలి చేత్తోనే గోడకు తగిలించనిచ్చి, వంకర పోకుండా కింద తన చెయ్యి ఆనించి పట్టుకుంది.