గుంటూరులో ఓడిన కాళ్లు

మెట్లెక్కి వచ్చిన ఆడమనిషి రొప్పుతూ గుమ్మంలోనే కూలబడింది. బురఖా నిండా దుమ్ము, చేతిలో తెగిన చెప్పు. సకల జనుల సమ్మెకు బస్సులు డిపోల్లో పడుకున్నాయి గనక ఊరంతా నడుస్తోంది. ఈమె మాత్రం నడిచి రాలేదు, ఉరికి వచ్చింది.

"సాబ్, నేను పిల్లలకు విషం పెట్టిన్నట!"

సిద్దిపేట పాత బస్టాండు దగ్గర, సైకిల్ షాపు పైగదిలో రాజమల్లయ్య డిటెక్టివ్ ఆఫీసు. వచ్చేవి ఎక్కువగా పెళ్లికొడుకుల ఎంక్వయిరీలు. వరుడు మంచివాడని తేలితే ఫీజు తక్కువ, చెడ్డవాడని తేలితే ఫీజుతో పాటు తిట్లు. అసిస్టెంటు మతీన్‌కు ఆయనంటే ప్రాణం. "మా సారు సూది, నేను దారం" అని చెప్పుకుంటాడు. దారానికి ముడులు ఎక్కువని సారు అంటాడు.

మతీన్ పిన్నిని పిలిచినట్టే పిలిచి నీళ్లందించాడు. "ముందు తాగు ఖాలా. నిమ్మళంగ చెప్పు."

ఆమె పేరు బషీరున్నీసా. కరీంనగర్ రోడ్డు మీదున్న జయపథం రెసిడెన్షియల్ స్కూల్లో హాస్టల్ వంటమనిషి. ఆటల్లో ఆ బడికి జిల్లా అంతా పేరు. గేటు నుంచి మరుగుదొడ్డి దాకా పతకాల ఫొటోలే. పోయిన నెల రాష్ట్ర పోటీలకు పిల్లల్ని గుంటూరు తీసుకుపోయినప్పుడు వండిపెట్టడానికి ఈమెనూ తీసుకుపోయారు. అక్కడ బడి పేరు బద్దలైంది. ఎనిమిది వందల మీటర్లలో తిరుగులేదనుకున్న ఉమైమా అందరికన్నా వెనకబడింది. నాలుగు వందలు, పదిహేను వందలు ఉరికినవాళ్లూ ఓడారు. ఆటల మాస్టారు కనకయ్య తప్పంతా వంట మీదికి తోశాడు. పోటీ బడివాళ్లు వంటమనిషిని కొనేసి తిండిలో మందు కలిపించారన్నాడు. ఆమెను వంటలోంచి తీసేశారు.

"సమ్మె అయిపోంగనే ఠాణాల కంప్లైంట్ ఇస్తరట. పెండ్లిళ్లకు సుత వండి బతికేదాన్ని సాబ్. గీ పేరు పడ్డంక నా చేతి మెతుకు ఎవ్వరు ముడుతరు?"

రాజమల్లయ్య కళ్లద్దాలు తుడుచుకుని లేచాడు. "మతీన్, సైకిల్ తియ్యి. ఈమె మెతుకు మనమే తినాలె, గంత దాక ఊకునేది లేదు."

జయపథంలో పాఠాలు బందయ్యాయి. ఇళ్లకు పోదామంటే బస్సుల్లేక పిల్లలు హాస్టల్లోనే చిక్కుకున్నారు. సింగరేణి బొగ్గు ఆగి ఊళ్లో ఫ్యూజులు పోతున్నా, ఇక్కడ ఫీజులు మాత్రం పోలేదు. కరస్పాండెంటు రాజేంద్రప్రసాద్ టీ తెప్పించాడు. కనకయ్య మెడలో విజిల్‌తో వచ్చి నిలబడ్డాడు.

"గుంటూరుల ఆమె వండింది అందరు తిన్నరా?" అడిగాడు రాజమల్లయ్య.

"ఓడినోళ్లంత తిన్నరు. వంద మీటర్లల్ల గెలిచిన ప్రియాంక ఆ పూట తినలే. గందుకే గెలిచింది," అన్నాడు కనకయ్య.

వరండాలో ప్రియాంకను అడిగితే కళ్లు పెద్దవి చేసింది. "నేను తినలేదా? ఖాలా బగారన్నం చేస్తే మూడుసార్లు పెట్టిచ్చుకున్న సార్! లాంగ్ జంప్ అర్షీన్ సుత తిన్నది. దానికి సుత మెడల్ వచ్చింది."

పక్కనే ఉమైమా తల వంచుకుని గోడ గీకుతోంది.

"నీకు కడుపునొప్పి లేచిందా బిడ్డా?"

"లేదు సార్."

"కండ్లు తిరిగినయా?"

"లేదు. ఎప్పటి లెక్కనే ఉరికిన. అందరు నా ముంగటికెల్లి పోయిన్రు." గోడ సున్నం రాలింది. "గుంటూరోళ్లు గడియారం తిప్పిన్రని మా చిచ్చా అంటుండు."

"అదే గడియారం ప్రియాంకకు మెడల్ ఇచ్చింది గద!"

గోడ మీది రికార్డుల బోర్డు ముందు రాజమల్లయ్య చాలాసేపు నిలబడ్డాడు. వంద మీటర్లు, లాంగ్ జంప్ రికార్డుల రంగు ఎప్పుడో వెలిసిపోయింది. నాలుగు వందలు, ఎనిమిది వందలు, పదిహేను వందలవి మాత్రం కొత్తగా మెరుస్తున్నాయి. అన్నీ ఈ రెండేళ్లలోవే.

"రెండేండ్ల కింద బందులప్పుడు బడి మూతపడ్డది గద. అప్పుడేమన్న కట్టిన్రా?"

"బస్సులకు షెడ్డు వేసినం. గ్రౌండు పని కనకయ్య సారే చూసుకున్నడు," అన్నాడు రాజేంద్రప్రసాద్.

షెడ్డు మైదానం ఒక కొసన ఉంది. అందులోకి నడుస్తూ మతీన్ కాలు తగిలించుకుని "అమ్మీ!" అని ఎగిరాడు. బస్సు టైరు పక్కన సగం పూడిన రాయి, దానికి పాత సున్నం. దాని పక్కన మరొకటి, ఆపైన ఇంకొకటి. వరుస వంపు తిరుగుతూ షెడ్డు గోడ కిందికి పోయింది. రాజమల్లయ్య మతీన్ బొటనవేలు చూడలేదు, రాళ్లను చూశాడు. మతీన్‌కు కొంచెం బాధేసింది గానీ, సారు చూస్తున్నాడంటే ఏదో ఉంటుందని ఓర్చుకున్నాడు.

"వేరే బడులతోని పోటీలు గీడ పెడుతరా?"

"మునుపు పెడుతుంటిమి. షెడ్డు వేసినకాంచి గ్రౌండు తడిగ ఉంటదని కనకయ్య సారు వద్దంటడు."

రాజమల్లయ్య బూటుతో నేలను తట్టాడు. ఎర్రటి దుమ్ము లేచి ఆయన మీసం దాకా వచ్చింది.

ఆ సాయంత్రం ఆయన ఉమైమాను మైదానంలో రెండు చుట్లు ఉరికించాడు. బడి స్టాప్‌వాచ్ బోర్డు మీది రికార్డే చూపించింది. "చూసిన్రా? ఖాలా తిండి ఆపంగనే కాళ్లు మళ్ల వచ్చినయి," అన్నాడు కనకయ్య.

"మంచిది. రేపు పొద్దున సుత ఆమె తిండి వద్దు. అందరు రోడ్డు మీదికి రాండ్రి. ఎట్లాగు రాస్తారోకో ఉన్నది, బండ్లు రావు."

కనకయ్య నోట్లో విజిల్ పెట్టుకున్నాడు గానీ ఊదలేదు.

తెల్లవారేసరికి కరీంనగర్ రోడ్డు మీద వంటా వార్పు మొదలైంది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, పొయ్యిల మీద గంజులు, గంజుల చుట్టూ డప్పులు, ఓ పక్క మైకు. లారీ లేదు, జీపు లేదు. అందరూ ఆగిన దారిలో ఉమైమా ఒక్కతే ఉరకడానికి నిలబడింది.

కిలోమీటరు రాయి దగ్గర మతీన్ గులాబీ జెండా పట్టుకున్నాడు. బషీరున్నీసాతో సహా మిగతావాళ్లు పొయ్యిల దగ్గర, ఎనిమిది అంకె వేసిన చిన్న రాయి పక్కన గుమిగూడారు. వాచ్ రాజేంద్రప్రసాద్ చేతిలో ఉంది.

"ఈ రాళ్లు సర్కారు కొలిచి పాతినయి," అన్నాడు రాజమల్లయ్య. "ఆ పెద్ద రాయి కాడికెల్లి గీ రాయి దాక ఎనిమిది వందల మీటర్లు. వీటిని జరిపేటోడు ఇంక పుట్టలే."

జెండా దిగింది. ఉమైమా బయల్దేరింది. ఉద్యమకారుల గంజులో పప్పు కలుపుతున్న కొండవ్వ గరిటె పైకెత్తి "ఉరుకు బిడ్డా, ఉరుకు!" అని అరిచింది. డప్పులు అందుకున్నాయి. ఆ పిల్ల పళ్లు బిగించి, రాయి దాటి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఒగర్చింది.

రాజేంద్రప్రసాద్ వాచ్‌ను ఒకసారి చూసి, విదిలించి, మళ్లీ చూశాడు. "నిన్నటి కన్న చానా ఎక్కువ వట్టింది."

"గుంటూరుల ఎంత వట్టింది?"

"...గింతే."

"రోడ్డు అలవాటు లేదు సార్, కాలు పడదు," అన్నాడు కనకయ్య గబగబా.

"గుంటూరుల ఉరికింది రోడ్డు మీద కాదు గద మాస్టారూ." రాజమల్లయ్య అందరివైపూ తిరిగాడు. "తిండిల మందు కలిస్తే తిన్నోళ్లందరు పడాలె. సీద ఉరికినోళ్లు, దుంకినోళ్లు గెలిచిన్రు. చుట్టు తిరిగినోళ్లే ఓడిన్రు. చుట్టు తిరిగేటోళ్లనే పట్టే విషం నేనింత దాక చూడలే. ఉరికే బాట హద్దుకు పాతిన రాళ్లు షెడ్డు కిందికి పోయినయి. అంటే చుట్టు చిన్నగయింది. చిన్న చుట్టుల తీసిన టైముకు పెద్ద పేరు పెట్టిన్రు. వంటల లేదు సార్ వంక, వంపుల ఉన్నది."

రాజేంద్రప్రసాద్ కనకయ్య వైపు తిరిగాడు. "నాకు తెల్వదు. కనకయ్య సార్, మీకు తెలుసా?"

"తెలుసు," అన్నాడు రాజమల్లయ్యే. "పొడి గ్రౌండును తడి అని వేరే బడులను రానియ్యలే. వాళ్లొస్తే కొలుస్తరు. ప్రియాంక తినలేదని అబద్ధమాడిండు. నిజం చెప్తే విషం కథ నిలవదు."

కనకయ్య విజిల్ తాడును వేలికి చుట్టుకున్నాడు. "షెడ్డుకు జాగ కావాలన్నరు. వంపు లోపలికి జరిపిన. తర్వాత సరిచేద్దామనుకున్న. గంతల రికార్డులు వచ్చినయి, ఫ్లెక్సీలు కట్టిన్రు, నాకు శాలువ కప్పిన్రు. ఇంక చెప్పడానికి నోరు లేవలే."

"నీ తప్పు చెప్పడానికి లేవని నోరు, ఈమె మీదికి ఎట్ల లేచింది?"

డప్పులు ఆగాయి.

"రేపటి సంది పనికి రా అమ్మా," అన్నాడు రాజేంద్రప్రసాద్ మెల్లగా.

"రాను," అంది బషీరున్నీసా. "ముందుగాల షెడ్డు పీకుండ్రి. ఇంకోటి, నా పేరు చెడగొట్టిన నోటితోనే గా మైకుల చెప్పాలె. గీ రోడ్డు మీదున్నోళ్లంత ఇనాలె."

ఉద్యమం మైకు అంతదాకా తెలంగాణ రాష్ట్రం అడుగుతోంది. కాసేపు క్షమాపణ అడిగింది. కనకయ్య మాట దాచలేదు. వంటామె తప్పేమీ లేదన్నాడు, అబద్ధం తనదేనన్నాడు.

అప్పుడు కొండవ్వ కొంగుతో గరిటె తుడిచి బషీరున్నీసాకు ఇచ్చింది. "రా అక్కా. నాకు ఇంతమందికి వండుడు చాతనైతలేదు. నువ్వు పట్టు."

బషీరున్నీసా గరిటె అందుకుని గంజులోకి చూసింది. "మిరపకాయలు తక్కువున్నయి," అంది. కళ్లు మాత్రం మిరపకాయలు ఎక్కువైనట్టే ఉన్నాయి. జనం విస్తళ్లు పట్టుకుని వరుస కట్టారు. ఆ వరుసలో మొదటివాడు రాజమల్లయ్య.

రెండోవాడు మతీన్. అతను వెనక్కి చూస్తే ఉమైమా వరుసలో లేదు. చెమట తుడుచుకుంటూ కిలోమీటరు రాయి వైపు తిరిగి నడుస్తోంది.

"తినవా బిడ్డా?" అని కేకేశాడు.

"నాకు తీసి పెట్టు ఖాలా!" ఆమె ఆగకుండానే అరిచింది. "సార్, వాచ్ పట్టుండ్రి. ఇంకోసారి ఉరికొస్త."