దుప్పటి కప్పుకొచ్చిన ప్రీఆంప్

స్కూటరు వెనక సీటు మీద, దుప్పటి చుట్టి, తాళ్ళతో కట్టి ఉన్న మూటను చూసి మా మనవరాలు అడిగిన మొదటి మాట ఇది:

"ఊపిరాడుతోందా లోపల?"

తాళ్ళు విప్పుతున్న అబ్బాయి తల ఎత్తలేదు. "తొందరగా వేడెక్కుతుందండీ. కాస్త గాలి తగిలే చోటు చూపించండి."

"నేను ప్రీఆంప్ తెమ్మన్నాను. మీరు పసిపిల్లాణ్ణి తెచ్చారే?"

"పసిపిల్లాడైతే మీ చేతికి ఇచ్చేవాణ్ణి కాదు."

వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న నేను పేపరు మడిచి పక్కన పెట్టాను. పేపర్లో ఇంతకన్నా మంచి వార్త లేదు.

మా మనవరాలు పిల్లల కథలు చదివి రికార్డు చేస్తుంది. పెరటి వైపు రేకుల గది ఒకటి ఉంటే, అందులోని పాత సామాను నా మంచం కిందికి తోసి, మాట మార్మోగకుండా గోడకి అక్కడక్కడా మెత్తలు అంటించి, దానికి స్టూడియో అని పేరు పెట్టింది. పుస్తకాల కంపెనీ ఒకటి శాంపిల్ పంపమంది. నచ్చితే ఏడాది పొడుగునా పని. నచ్చకపోతే నా సామాను మళ్ళీ ఆ గదిలోకి.

ప్రీఆంప్ అంటే ఏమిటో నాకూ అప్పుడే తెలిసింది. మైకులో పడిన మాట, చీమ తుమ్మినంత ఉంటుందట. దాన్ని పెంచి పెద్దచేసి కంప్యూటరుకి అప్పగించేదే ఈ పెట్టె. చీమ తుమ్మడం నేను స్వయంగా చూశాను కానీ ఆ కథ ఇప్పుడొద్దు. ఇదిగాక, అసలు పెట్టే లేకుండా, కంప్యూటర్లోనే ఆ పెట్టె వేషం కట్టే సాఫ్ట్‌వేర్ కూడా ఉంటుంది. దాన్ని ఎమ్యులేషన్ అంటారు. మా పిల్ల దగ్గరున్న డబ్బుకి ఏదో ఒకటే వస్తుంది. ఇనప పెట్టె కొంటే గది ఇలాగే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌తో సరిపెట్టుకుంటే గోడలన్నిటికీ మెత్తలు వేయించుకోవచ్చు.

"ఇలాంటి పెట్టెలు నా కంప్యూటర్లో ఇరవై ఉన్నాయి," అంది మనవరాలు.

"ఇరవై ఫొటోలు ఉన్నాయండీ," అన్నాడు పెట్టె అబ్బాయి.

"ఫొటోలో మనిషి వేడెక్కడు. అలగడు. దుప్పటి అడగడు."

"పిలిస్తే పలకడు కూడా."

మా పిల్ల మాట కోసం తడుముకోవడం నేను చూడటం అదే మొదలు.

"నా సాఫ్ట్‌వేర్‌తో నచ్చనిది రేపు మార్చుకుంటాను. మీ పెట్టెలోంచి ఒకసారి వెళ్ళిన గొంతు ఇంక అలాగే ఉండిపోతుంది. మార్చడానికి లేదు."

"అందుకే మాట్లాడేముందు మనిషి కాస్త ఆలోచిస్తాడు."

"మీరు ఆలోచించే మాట్లాడుతున్నారా?"

"ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచి కష్టంగానే ఉందండీ," అన్నాడు. అని చెవులు ఎర్రబడేసరికి పెట్టె వెనక్కి వంగి, లేని స్క్రూ ఒకటి బిగించాడు.

పోల్చి చూస్తేగానీ కొననంది ఆమె. పోల్చాలంటే ఒకే గొంతు, ఒకే మాట, రెండుసార్లు కావాలి. ఒకసారి పెట్టెలోంచి, ఒకసారి నేరుగా కంప్యూటర్లోకి. ఎవరి గొంతు? సొంత గొంతు సొంత చెవికి ఎప్పుడూ తప్పుగానే వినబడుతుందట. ఇద్దరూ నా వైపు చూశారు. నేను అప్పటికే మైకు ముందు కూర్చుని ఉన్నాను.

"ఒక్క సంగతి," అన్నాడు అబ్బాయి. "మొదట కాసేపు అందరం మౌనంగా ఉందాం. ప్రీఆంప్ మంచీచెడూ మాటలో కాదండీ, మాట లేనప్పుడు తెలుస్తుంది. తర్వాత ఆ మౌనాన్ని పెంచి వినాలి."

అతను పెట్టె దగ్గర, ఆమె కంప్యూటరు దగ్గర. కాసేపు మౌనం. తర్వాత నేను మొదలుపెట్టాను.

"మా బడిలో నాతోపాటు ఒక మేక చదువుకునేది. ఒకరోజు అది మా మాస్టారి గొడుగు తినేసింది. ఆ ఏడాదంతా వాన పడినప్పుడల్లా మాస్టారు మేకను పట్టుకుని తిరిగేవారు..."

రెండోసారి, అదే కథ. ఈసారి మేక గొడుగుతో ఆగలేదు. హాజరుపట్టీ కూడా తింది. ఇక చేసేదేముంది? మాస్టారు రోజూ దాన్ని పక్కన నిలబెట్టుకునేవారు. వచ్చిన ప్రతి పిల్లవాడికీ అది ఒక్కో అరుపు అరిచి లెక్క చెప్పేది.

"తాతయ్యా! ఇందాక గొడుగే అన్నావు!"

"గొడుగుతో దాని కడుపు నిండలేదమ్మా."

"ఉన్నదున్నట్టు రెండుసార్లు చెప్పలేవా?"

"చెప్పడానికి నేనేమైనా సాఫ్ట్‌వేర్‌నా?"

పెట్టె అబ్బాయి నవ్వాడు. ఆ నవ్వు చూసి మా పిల్ల కోపం తెచ్చుకోబోయి, ఎక్కడ పెట్టిందో మర్చిపోయింది.

"మాట మారితే పోలిక కుదరదండీ. ఇవాళ తేలలేదు," అన్నాడు.

"తేలలేదు," అంది ఆమె వెంటనే. "రేపు రండి."

రేపు వచ్చాడు. ఎల్లుండి కూడా వచ్చాడు. నా మేక ఎక్కాలు నేర్చింది, క్లాసు లీడరైంది, పరీక్షలో నాకు చూపించకుండా పేపరుకి కొమ్ము అడ్డం పెట్టుకుంది. ఎంత జాగ్రత్తగా మొదలెట్టినా అది నా చేతిలో ఉండేది కాదు. ఇద్దరూ కలిసి నన్ను తిట్టేవాళ్ళు. కలిసి తిట్టడంలో వాళ్ళకి మంచి పొత్తు కుదిరింది.

"ఇన్ని పరీక్షలు నేను రాసుంటే ఈపాటికి డాక్టర్నయ్యేదాన్ని," అంది మా కోడలు టీ గ్లాసులు తెస్తూ. ఆ పిల్ల తల్లి ఈవిడే. "బాబూ, నీకు చక్కెర ఎంత వేయాలో నాకు తెలిసిపోయింది. ఆ పెట్టె సంగతే ఇంకా తెలియట్లేదు."

ఒకరోజు రికార్డింగ్ మధ్యలో వాన అందుకుంది. రేకుల మీద వాన పడితే ఇక మైకుకి సెలవే. ఇద్దరూ చెరో స్టూలు మీద, మధ్యలో పెట్టెతో కూర్చున్నారు. నేను కళ్ళు మూసుకున్నాను. ముసలివాళ్ళు కళ్ళు మూసుకుంటే నిద్రపోయారనుకోవడం చిన్నవాళ్ళకి అలవాటు. చాలా మంచి అలవాటు.

"దీన్ని ఎక్కడ కొన్నారు?" అడిగింది ఆమె.

"కొనలేదండీ. పాత ఇనుము కొట్లో తల్లకిందులుగా పడుంటే తెచ్చుకున్నాను. పలకడానికి ఏడాది పట్టింది."

"పలికిన రోజు ఏమన్నారు దానితో?"

"హలో అన్నాను."

"అది?"

"అదీ హలో అంది. నా గొంతే. కాకపోతే..." అతను తడబడ్డాడు. "నేను చెప్పేది ఎవరైనా వినొచ్చు అనిపించింది, మొదటిసారి."

వాన కాసేపు వాళ్ళ తరఫున మాట్లాడింది.

"చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే తాతయ్య పక్కన కూర్చుని కథలు చెప్పేవాడు," అంది ఆమె. "అన్నీ అబద్ధాలే. కానీ కళ్ళు మూసుకుంటే మేక కనబడేది. నేను చదివే కథ కూడా ఎవరికో అలా కనబడాలి. అందుకే ఈ గది."

నేను గురక పెట్టాను. లేకపోతే కళ్ళలో నీళ్ళతో దొరికిపోయేవాణ్ణి.

వాన తగ్గాక అతను పెట్టెకి దుప్పటి కడుతూ, దుప్పటితోనే చెబుతున్నట్టు చెప్పాడు. "వేరే స్టూడియోవాళ్ళు దీన్ని అడుగుతున్నారండీ. శనివారానికి ఏదో ఒకటి తేల్చేద్దాం. మీరు శాంపిల్ కూడా పంపాలి కదా."

"అలాగే," అంది ఆమె. అని, తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది.

తేలితే ఏమవుతుంది? పెట్టె నచ్చితే ఇక్కడ ఉంటుంది, నచ్చకపోతే పోతుంది. ఎటు తేలినా ఆ అబ్బాయికి మా ఇంటికొచ్చే పని ఉండదు. ఈ లెక్క వాళ్ళిద్దరికీ వచ్చు. నా మేకకి కూడా వచ్చు.

శనివారం పొద్దున్నే వాన. అతను తడిసిపోయి వచ్చాడు, పెట్టె మాత్రం పొడిగా వచ్చింది. మా కోడలు తువ్వాలు ఇస్తూ, "ఈసారి నువ్వు దుప్పట్లో రా నాయనా," అంది.

వాన వెలిసే సమయానికి నేను మైకు ముందు గొంతు సవరించుకున్నాను. మనవరాలు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇవాళ కథ వద్దు తాతయ్యా. అన్ని రోజులూ మొదట్లో మౌనంగా కూర్చున్నాం కదా, అవి ఒక్కసారీ వినలేదు. ఇవాళ వాటిని పెంచి విందాం. పెట్టె సంగతి అందులోనే తెలుస్తుందన్నారుగా?"

పెట్టె అబ్బాయి ముఖంలో రంగు మారింది. "అవి... అంత అవసరం లేదేమోనండీ."

"మీరే చెప్పారు."

"చెప్పాను. ఎన్నో చెబుతుంటాను."

ఆమె పెంచింది. స్పీకర్లోంచి దూరంగా ఏరు పారుతున్నట్టు సన్నటి శబ్దం. ఇంకా పెంచింది. నా మోకాలు టక్కుమంది, అది మొదటి రోజుది. గోడ గడియారం నడిచింది. ఎవరో ఊపిరి తీసుకున్నారు. ఆ వెనకే గుసగుసగా, పెట్టె పక్కనుంచి, ఒక మాట.

"ఇవాళ తేలకూడదు."

ఆమె రెండో రోజు మౌనం పెట్టింది.

"ఇవాళ కూడా తేలకూడదు. తాతగారి మేక చల్లగా ఉండాలి."

మూడోది పెట్టబోతుంటే అతను లేచి, చుట్టి ఉన్న కేబులునే తీసి మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు.

"మిమ్మల్నొకటి అడుగుతాను," అంది ఆమె. "మీ సంచిలో స్ప్లిటర్ ఉందా?"

కేబులు చుట్టడం ఆగింది.

"స్ప్లిటర్ అంటే ఏమిటే?" అన్నాను.

"మైకులో మాటని రెండు పాయలు చేసి, ఒకటి పెట్టెలోకి, ఒకటి నేరుగా కంప్యూటర్లోకి పంపే చిన్న డబ్బా తాతయ్యా. అదుంటే నువ్వు కథ ఒక్కసారి చెబితే చాలు. మొదటి రోజే, టీ చల్లారేలోపు తేలిపోయేది."

"ఉందండీ," అన్నాడతను నేల చూస్తూ. "మొదటి రోజు నుంచీ సంచిలోనే ఉంది. పొద్దున బయల్దేరేటప్పుడు తీసి బయట పెట్టేద్దామనుకుంటాను. అలా చేస్తే అబద్ధమవుతుందని మళ్ళీ వేసుకొస్తాను." తలెత్తాడు. "కానీ మీకూ తెలిసిన పనిముట్టే కదా? మీరెందుకు అడగలేదు?"

మా మనవరాలు బల్ల సొరుగు లాగింది. లోపల, పాత తీగల మధ్య, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా ఒకటి.

"ఇది నాది," అంది.

నాకు ఒళ్ళు మండింది. "అయితే ఇన్నాళ్ళూ నా మేకను ఎందుకు తిట్టారర్రా? పాపం, నోరులేని ప్రాణి!"

ఎవరూ నా వైపు చూడలేదు. చూసే తీరిక వాళ్ళకి లేదు.

"అసలు ఈ గదికి ఈ పెట్టె అక్కర్లేదండీ," అన్నాడతను మెల్లగా. "మీది తప్పులు దిద్దుకుంటూ చేసే పని. సాఫ్ట్‌వేరే నయం. ముందు గోడలకి మెత్తలు, ఆ రేకుల కింద ఏదైనా అడ్డు. మొదటి రోజు గది చూడగానే తెలిసింది. అమ్ముకునేవాడు చెప్పకూడని మాట కాదు, చెప్పాల్సిన మాటే. చెబితే రావడం ఆగిపోతుందని చెప్పలేకపోయాను."

"నాకూ తెలుసు. పెట్టె మాత్రం నిజంగా బాగుంది." ఆమె మైకుని అతని వైపు తిప్పింది. "ఆ గుసగుసలు శాంపిల్‌కి పనికిరావు. సరిగ్గా చెప్పండి. పెట్టెలోంచే."

"పెట్టెలోంచి వెళ్తే మార్చడానికి ఉండదు."

"అందుకే అడుగుతున్నాను."

అతను మైకు ముందు కూర్చున్నాడు. మౌనం. ఈసారి దాన్ని పెంచక్కర్లేదు, గదంతా అదే ఉంది.

"రేపటి నుంచి నాకు ఇక్కడ ఏ పనీ లేదు. అయినా రావాలనుంది. పెట్టె కోసం కాదు, మీ కోసం. రోజూ."

ఆమె వంగి అదే మైకులో చెప్పింది. "అయితే రా. పని నేను చెబుతాను."

'రా' అన్న మాటకి ఆ పిల్లవాడి ముఖం ఎలా వెలిగిందంటే, కరెంటు పోయినా ఆ రోజు మా ఇంట్లో దీపం పెట్టక్కర్లేకపోయేది. ఇందులో నేను కలిపింది ఒక్క ముక్క లేదు.

"గోడలకి మెత్తలు తర్వాత," అంది వెనక నుంచి మా కోడలు. టీ గ్లాసులతో ఎప్పుడొచ్చి నిలబడిందో. "మాట్లాడుకునేటప్పుడు ముందు తలుపు వేసుకోవడం నేర్చుకోండి. బాబూ, మీ అమ్మగారికి చక్కెర ఎంత వేయాలి?"

అతనికి అర్థం కాలేదు. "ఆవిడ... ఇక్కడ లేరండీ."

"వస్తే కదా ఉంటారు? తీసుకురా. నేను అడగాల్సినవి చాలా ఉన్నాయి."

మర్నాడే ఆమె శాంపిల్ పంపింది. మేక కథ, తన గొంతుతో, సాఫ్ట్‌వేర్ వేషంతో. వారం తిరిగేలోపు జవాబు వచ్చింది. మేక పెద్దబడిలో ఏం చదివిందని అడిగారు, పని కూడా ఇచ్చారు. మేక పెద్దబడికి వెళ్ళిందని వాళ్ళకెవరు చెప్పారో నాకు తెలియదు. వెళ్ళిన మాట నిజమే.

ఆ సాయంత్రమే పెట్టెను, దాన్ని అడిగిన ఆ వేరే స్టూడియోకి అప్పగించడానికి బయల్దేరారు. ఎప్పటిలాగే దుప్పటి చుట్టాడు. మా పిల్ల వెనక కూర్చుని పెట్టెను ఒళ్ళో పెట్టుకుంది. వెళ్ళేటప్పుడు ఇద్దరి మధ్యా ఆ పెట్టె ఉంది.

వాళ్ళు వెళ్ళిన కాసేపటికి మబ్బు పట్టి వాన దంచింది. నేను కుర్చీ గుమ్మం లోపలికి జరుపుకుని కూర్చున్నాను. ఎదురుచూస్తున్నానని కాదు, గాలి బాగుందని.

వీధి మలుపులో స్కూటరు కనబడింది. చాలా నెమ్మదిగా వస్తోంది, వానను మెచ్చుకుంటూ వస్తున్నట్టు. పెట్టె లేదు. ఆ దుప్పటిని ఇద్దరి తలల మీదా కప్పి, అంచులు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది మా మనవరాలు.

"అల్లుడు దుప్పట్లోనే వస్తున్నాడు, చూడు," అని కోడల్ని కేకేశాను.