ముందు పాతవి వెతకండి

"మల్ల గదే ప్రశ్ననా మేడమ్? గోడ మీది బోర్డు చదువలేదా?"

ప్రమోదిని గొడుగు దులుపుకుంట బోర్డు దిక్కు చూసింది. 'అడిగే ముందు పాత జవాబులు వెతకండి.' ఎర్ర స్కెచ్‌పెన్నుతోని రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టిండ్రు.

"చదివిన. అక్షరాలు ముత్యాల్లెక్కనే ఉన్నయ్. రాసినాయన మొఖమే జర కారం తిన్నట్టుంది."

క్లాసంత నవ్వింది. బోర్డు రాసిన దేవదాస్ సారు చెవులు ఎర్రగైనయ్.

అది తొంబై తొమ్మిదిల కరీంనగర్ వానకాలం. కంప్యూటర్ సెంటరుకు ఒక్కటే ఫోను లైను. ఇంటర్నెట్టు తగిలేసరికి పావుగంట. భైంసా నుంచి సిరిసిల్ల దాకా నేర్చుకునేటోళ్లంత ఇంటర్నెట్టుల ఒక గ్రూపు పెట్టుకున్నరు. ఏ డౌటొచ్చినా అండ్ల రాస్తరు, ఎరుకున్నోళ్లు జవాబిస్తరు. మే నెల నుంచి ఏ ప్రశ్నయినా ముందు దేవదాస్ దగ్గరికే వస్తది. అతను సరేనంటేనే అందరికీ పోతది.

దేవదాస్ సిరిసిల్లల బాపు మరమగ్గం మోత పక్కన పెరిగినోడు. ఇంటికి మొదటి డిగ్రీ. డౌటొస్తే అడుగుదామన్నా బాపుకు రాదు, అవ్వకు రాదు. లైబ్రరీల పుస్తకాలు తిప్పి తిప్పి నేర్చుకున్నడు. అందుకే వెతకకుండ అడిగేటోళ్లంటే అతనికి మంట.

ప్రమోదిని లక్ష్మీకాంతరావు దొర బిడ్డ. అడిగేది ఎప్పుడూ ఒక్కటే: ఫ్లాపీ తెరుచుకోకపోతే ఏం చెయ్యాలె? జూన్ల అడిగింది. జులైల రెండుసార్లు అడిగింది. అతను గరమైకుంటనే పక్కన నిలబడి మొత్తం చెప్పేటోడు. ఆమె ఫ్లాపీని ఇడిసిపెట్టి అతన్నే చూసేది. ఆ చూపును తలుచుకుంట వానల సైకిల్ తొక్కేటోడు. దొరగారి బిడ్డ, మగ్గం నేసే సాలోళ్ల పిలగాడు... ఆశపడుడెందుకు, పరేషానెందుకు?

ఆగస్టుల ఒక శనివారం ఆమె నవ్వకుండ వచ్చింది.

"రేపు ఖానాపూర్ నుంచి సంబంధపోళ్లు వస్తున్నరు. బాపు మాటిచ్చేటట్టే ఉన్నరు."

"మంచిదే కదండి." దుమ్ము లేని కీబోర్డును దేవదాస్ గట్టిగ తుడిచిండు.

"మంచిదేనా?"

అతను మౌసును గూడ తుడువబట్టిండు.

"పొద్దుగాల గ్రూపుల ఒక ప్రశ్న పెట్టిన. ఇయ్యాల్నే జవాబియ్యుండ్రి. రేపైతే నాకు అక్కరకు రాదు."

ఆమె పోయినంక లైను కలిపి చూసిండు. పైన హెడ్డింగుల రాసింది అదే: 'ఫ్లాపీ తెరుచుకుంటలేదు.' నోరంత చేదైంది. పెండ్లి ముంగట పెట్టుకొని కూడా ఫ్లాపీయేనా? నేనంటే గింతేనా? లోపల ఏం రాసిందో చదువకుండనే, గ్రూపుకు పోకుండ ఆపి, ఎప్పుడూ పంపే జవాబే ఆమెకు పంపిండు.

ఆదివారం మాటిచ్చుడైంది. కార్తీకంల పెండ్లి కూడా అయింది.

డిసెంబర్ల కొత్త పిల్ల ఒకామె ఫ్లాపీ గురించే అడిగింది.

"ఆగు, ఎట్ల వెతకాల్నో చూపిస్త." ఊరందరికి వెతకమని చెప్పినోడు, మొదటిసారి తానే వెతికిండు.

అన్నిటికన్న పాతది ఏప్రిల్‌ది. భైంసా నుంచి ఎవరో అడిగితే ఇంకెవరో ఒక్క ముక్క ఇడువకుండ జవాబు రాసిండ్రు. కింద పేరు, ప్రమోదిని.

ఏప్రిల్! తనను మొదటిసారి అడిగిందానికి రెండు నెలల ముందు.

ఆగస్టుది తెరిచిండు.

'ఫ్లాపీ సంగతి నాకు ముందే ఎరుక. మీరు పక్కన నిలబడి చెప్తరని అడిగిన. రేపు వచ్చేటోళ్లను వద్దనే ధైర్యం నాకున్నది. మీరు ఒక్కమాట అంటే చాలు. అంటరా?'

దాని కింద జవాబు ఒక్కటే ఉన్నది. 'ఇది ఇంతకుముందు వచ్చిన ప్రశ్నే. ముందు పాతవి వెతకండి. దేవదాస్.'

"సార్, దొరికిందా?" కొత్త పిల్ల వెనుక నుంచి తొంగి చూసింది.

"దొరికిందమ్మా," అన్నడు దేవదాస్.