సైన్స్ సారు, సమ్మమ్మ బాయి

బిడ్డా, హసన్‌పర్తి అవతల మా ఊళ్లె హైస్కూల్ ఎనుక ఒక పాత బాయి ఉన్నది. సమ్మమ్మ బాయి అంటరు. పొద్దుగూకిందంటె ఆ దిక్కు ఎవ్వలు మొకం గూడ తిప్పరు.

ఒక ఎండకాలం అడుగున పూడిక తీద్దామని సమ్మమ్మ దిగింది... మళ్ల ఎక్కలె. ఆమెను తెద్దామని మరిది దిగిండు. ఆయినె గూడ ఎక్కలె. ఒంటి మీద దెబ్బ లేదు, పాము కాటు లేదు. ఇద్దరు పండుకున్నట్టే ఉన్నరట. అప్పటి సంది చీకటి పడితె చాలు, బాయిల నుంచి మూలుగు — ఊ... ఊ... అని. దిగినోణ్ని సమ్మమ్మ కౌగిలిచ్చుకుంటదట, ఇగ ఇడువదట.

నా పేరు మొగిలమ్మ. ఆ బడిల పిల్లలకు అన్నం వండుత. ఇప్పుడు నేను చెప్పేది కొంత కండ్లార చూసిన, కొంత పిల్లలు చెప్తె ఇన్న. అబద్ధమైతె నా నోట్లె మన్నువడ.

ఆడపిల్లల బాత్రూములు ఆ బాయి పక్కనే కట్టిండ్రు. ఎవని తెలివో ఏమో! ఒక్క పోరి గూడ అటు పోదు. పొద్దంత నీళ్లు తాగకుంట బిగవట్టుకొని కూసుంటరు. హన్మకొండ నుంచి కొత్తగ వచ్చిన సైన్స్ సారు, భానుచందర్ సారు, ఇది చూసిండు. ఒళ్లు మండింది ఆయినెకు.

"దెయ్యం లేదు, గియ్యం లేదు. ఈ రాత్రి నేనే ఆ గట్టు మీద కూసుంట. చూద్దురు రాండ్రి" అన్నడు.

మా ఊరి రాజమల్లు బడికొచ్చి మరీ లొల్లి పెట్టిండు. "సదువు నీకొక్కనికే ఉన్నదా సారూ? ఆమెకు కోపమొస్తె నువ్వు బస్సెక్కి పోతవ్. సచ్చేది మా పిల్లలు." రాజమల్లు కొడుకు అఖిల్ పదో తరగతి. వానికి సారంటె పానం. తండ్రికి అది ఇంక కడుపుమంట.

రాత్రి సారు ఒక్కడే పోయి కూసున్నడు. మేము గోడ చాటుకు నిలవడ్డం. గాలి లేదు, సప్పుడు లేదు...

ఊ... ఊ...

"వచ్చింది" అని రాజమల్లు గుసగుస పెట్టిండు.

సారు లేచి టార్చిలైటు లోపటికి కొట్టిండు. టపటప టపటప — రెక్కలు! పావురాలు... గోడ సందులల్ల గూళ్లు పెట్టుకున్నయి. సారు పకపక నవ్విండు. రాజమల్లు మొకం మాడిపోయింది.

తెల్లారి పదో తరగతిల బోర్డు మీద పెద్దగ రాసిండట — దెయ్యం లేదు. "మరి దిగినోళ్లు ఎట్ల సచ్చిండ్రు సార్?" అని సౌమ్య అనే పిల్ల అడిగింది. "అదే అసలు పాఠం. రేపు కందిలి దీపం తెస్త, బాయిల దించి చూపిస్త" అన్నడో లేడో, గంట కొట్టిండ్రు.

మర్నాడు కందిలి తెచ్చిండు. పీరియడేమో లెక్కల సారు గుంజుకున్నడు. పదోళ్లకు పరీక్షలొస్తున్నయి, స్పెషల్ క్లాసట! కందిలి బల్ల కిందనే పడి ఉన్నది. ఆ లెక్కల సారును చూస్తె నాకు ఇప్పటికి మండుతది.

ఆ పొద్దుగూకంగ అఖిల్ పావురాల కోసం బాయిల దిగిండు.

"ఏం కాదురా, సార్ చెప్పిండు గద" అని దోస్తులతోని అన్నడట. పైన గూట్ల నుంచి ఒక పావురం పిల్లను తీసిండు. అది చెయ్యి జారి అడుగుకు పడ్డది. దాని కోసం ఇంకా కిందికి పోయిండు... వంగిండు... ఇగ లేవలె.

కేకలకు నేను ఉరికి పోయేసరికి రాజమల్లు గట్టెక్కి దుంకబోతాండు. సారు ఎనుక నుంచి వచ్చి ఆయిన్ను గట్టిగ కౌగిలిచ్చి కింద పడేసిండు.

"దిగకు అన్నా! లోపట చెడ్డగాలి ఉన్నది. దిగితె నువ్వు గూడ ఎక్కవు!"

"నా కొడుకు సస్తాండు... ఇడువురా!"

"సమ్మమ్మ సారుకు పట్టింది!" అని ఎవరో అరిసిండ్రు. ఇగ చూడు, గుద్దులు, తన్నులు. సారు ముక్కుల నుంచి నెత్తురు కారుతాంది, అయినా పట్టు ఇడువలె. "నీళ్లు గుమ్మరియ్యిండ్రి... యాప మండలు తాడుకు కట్టి దించి ఊపుండ్రి... గాలి కదలాలె!" అని ఒర్రుతనే ఉన్నడు. నేను, సౌమ్య బకీట్లు మోసినం. మండలు దించి ఊపినం. జర సేపటికి నలుగురు రాజమల్లును పట్టుకుంటె, సారు నడుముకు తాడు కట్టుకొని తనే దిగిండు.

పోరన్ని భుజానేసుకొని తెచ్చిండు. మొకం మీద చిన్న గీత గూడ లేదు బిడ్డా. దవాఖానకు ఉరికిచ్చినం... లాభం లేకపాయె.

"నువ్వే సంపినవ్" అని రాజమల్లు బడి గేటు కాడ సారు మీద దుమ్మెత్తి పోసిండు. ఊరంత ఆయినెతో మాట బంద్ వెట్టింది. అయినా సారు ఊరిడిచి పోలె. ట్రాన్స్‌ఫర్ గూడ అడుగలె.

తర్వాత ఆ కందిలి పాఠం చెప్పిండు. దించుతాంటె సగం లోతుల దీపం పుస్సున ఆరిపాయె. దమ్మాడని గాలి అడుగున పేరుకుంటదట... వాసన రాదు, కండ్లకు అవుపడదు. అంతేనా, అని నాకు మనసు జర కుదుటవడ్డది.

మొన్న ఆరో తరగతిల కొత్తగ చేరిన బుడ్డోళ్లు బాయి దిక్కు పోతాండ్రు. సారు ఉరికొచ్చి అడ్డం నిలవడ్డడు. నేను గిన్నెలు తోముకుంట అక్కడ్నే ఉన్న.

"పోవద్దు" అన్నడు మెల్లగ. "సమ్మమ్మ లోపట ఉన్నది."

పసోళ్లకు గాలి సంగతి ఏమర్థమైతది, భయపెట్టి ఆపుతాండు అనుకున్న. మంచి పనే చేస్తాండు అనుకున్న.

ఒక బుడ్డోడు ఊకుంటడా? "మీరు చూసిండ్రా సార్?" అన్నడు.

సారు బాయి దిక్కు తిరిగిండు.

"చూసిన" అన్నడు. "అఖిల్ తల... ఆమె ఒళ్లె ఉండె."