రుక్కమ్మ చేతినొప్పి

"నేను పోతలేనమ్మా. రానని సాయంత్రం వాళ్లకు రాసేస్తా" అంది యశస్విని, చాయ్ గ్లాసు కడిగి బోర్లిస్తూ.

ఈ మాట కోసమే కదా నెల రోజులుగా రుక్కమ్మ మొక్కని దేవుడు లేడు! తీరా ఆ దేవుడు విన్నాక సంతోషం ఎందుకు రావడం లేదో ఆమెకే తెలియలేదు...

యశస్విని పశువుల డాక్టరు. అయిదున్నరేళ్లు హాస్టల్లో ఉండి చదువు ముగించి, పుప్పాలగూడలోని ఇంటికి వచ్చింది. తండ్రి నర్సింహ తన క్యాబ్ ఎక్కిన ప్రతివాళ్లకూ అడిగినా అడగకపోయినా ఆ సంగతి చెబుతుంటాడు. హర్యానాలో ఒక పెద్ద పశువుల ఆసుపత్రి వాళ్లు, గేదెలకూ ఆవులకూ ఆపరేషన్లు చేయడం నేర్పుతాం, ఏడాది ఇంటర్న్‌షిప్‌కు రమ్మని రాశారు. వచ్చేదీ లేనిదీ ఈరోజే చెప్పాలి. వద్దనుకుంటే కోకాపేటలో కుక్కల, పిల్లుల క్లినిక్‌లో ఉద్యోగం ఉండనే ఉంది. స్కూటీ మీద పది నిమిషాలు.

"నీ చెయ్యి గిట్లుంటే నేనెట్ల పోత? బర్రెల పాలు ఎవరు పిండాలె? నాన్న వాటి దగ్గరికి పోతే తంతయి" అంటూ కూతురు వెనక కొట్టంలోకి వెళ్లింది.

రెండు అపార్ట్‌మెంట్ టవర్ల మధ్య మిగిలిన ఆ కాస్త జాగాలో రుక్కమ్మకు రెండు గేదెలు. ఆమె చేతికి తప్ప ఇంకొకరికి చేపవు, పాలు దిగనివ్వవు. మూడు నెలల కిందట కొట్టంలో జారిపడి ఆమె కుడి మణికట్టు విరిగింది. అప్పటినుంచి యశస్విని తల్లి పాత చీర ఒంటికి చుట్టుకుని, ఆ వాసనతో గేదెలను మభ్యపెట్టి పాలు పిండుతోంది. తన చీరలో, తన పీట మీద, తనలాగే కూర్చున్న బిడ్డను చూస్తుంటే రుక్కమ్మకు కడుపు నిండిపోయేది.

అసలు మాట చెప్పాలంటే, ఆ చెయ్యి మాని నెల దాటింది! డాక్టరు కట్టు విప్పి, ఇక బరువులు కూడా ఎత్తుకోవచ్చని చెప్పి పంపించాడు. రుక్కమ్మ తిరిగొస్తూ బస్సులోనే మణికట్టుకు మళ్లీ గుడ్డ చుట్టుకుంది. చెడ్డ బుద్ధితో కాదు పాపం. ఉన్నది ఒక్కతే బిడ్డ. పదిహేడేళ్లప్పుడు హాస్టల్‌కు పోయిన పిల్ల ఇన్నాళ్లకు ఇంట్లో తిరుగుతూ, పక్కన పడుకుని కబుర్లు చెబుతుంటే, ఇంకో ఏడాది ఎక్కడో ఉత్తరాదికి ఎలా పంపను అనుకుంది... నొప్పి అని ఒక్క మాట అంటే చాలు, బిడ్డ ఉండిపోతుంది అనుకుంది. అనుకున్నట్టే అయింది. కానీ అబద్ధంతో కట్టేసిన బిడ్డ ఇంట్లో ఉన్నా ఉన్నట్టేనా? రుక్కమ్మ తేలు కుట్టిన దొంగలా కాసేపు వంటింట్లోనే నిలబడి, తర్వాత కొట్టంలోకి నడిచింది.

"లే బిడ్డా" అంది.

యశస్విని లేచింది. రుక్కమ్మ చేతి గుడ్డ విప్పి పక్కన పడేసి, పీట మీద కూర్చుని రెండు చేతులా పిండసాగింది. గేదె మారుమాట లేకుండా చేపింది. బకెట్టు సగం నిండింది.

"నీకు అబద్ధమాడిన బిడ్డా. చెయ్యి మాని నెలయింది. నువ్వు పోతవని..." ఆమె తల ఎత్తలేకపోయింది.

"ఎరుకే అమ్మా."

"ఎరుకనా?"

"నోరులేని పశువులకు యాడ నొస్తుందో చూసి చెప్పేదాన్ని, నీ చెయ్యి తెల్వదా? మొన్న నేను స్నానం చేస్తుంటే రోట్ల పచ్చడి నూరినవ్. వినబడదనుకున్నవా?"

"మరి అడగకపోతివి?"

యశస్విని గేదె వీపు నిమిరింది. "నాగ్గూడ నీ చెయ్యి పనికొచ్చిందమ్మా... పోకుండ ఉండనీకి."

అప్పుడు చెప్పింది, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పనిది. ఆఖరి ఏడాది శిక్షణలో ఈనలేక అవస్థ పడుతున్న గేదెను ఒక ముసలామె తీసుకొచ్చింది. పెద్ద డాక్టరు వచ్చేలోపు యశస్విని చేతుల్లోనే అది ప్రాణం విడిచింది. ముసలామె ఒక్క మాట కూడా అనలేదు. చచ్చిన గేదె మెడలోని పలుపుతాడు విప్పుకుని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదని యశస్విని ఇప్పటికీ అనుకుంటుంది. "కుక్కలకు సూదులేసుకుంట బతుకుతనమ్మా. గా బర్రెల పని నాతోని కాదు" అంటూ వెక్కివెక్కి ఏడ్చింది.

రుక్కమ్మ పాల చేతులు కొంగుకు తుడుచుకుని బిడ్డను దగ్గరకు తీసుకుంది. ఓదార్పు మాట నోటిదాకా వచ్చింది. ఉండిపో అనడం ఇప్పుడెంత తేలిక!

"నీకు చేతగాలే, అంతే గద" అంది మెల్లగా. "చేతనయ్యేదాక నేర్సుకొని రా. కొట్టంల నా కండ్ల ముంగట రెండు బర్రెలు గట్లనే పోయినయి బిడ్డా. నేర్సినోళ్లు ఒక్కరు లేకుండిరి."

సాయంత్రం యశస్విని ఫోన్ పట్టుకుని తల్లి పక్కన కూర్చుంది. వస్తున్నానని రాసింది, కానీ వెంటనే పంపలేకపోయింది. రుక్కమ్మ మొహం చూసింది.

"ఏడుస్తున్నవ్ గదమ్మా."

"ఏడుస్తున్న. ఇది నిజమే" అంది రుక్కమ్మ. "అయినా పంపు."