ఈల వేసిన మర్నాడు

అది 1965 వేసవి. సోమవారం ఉదయం ఖరగ్‌పూర్ వర్క్‌షాపు సైరను మోగినా ఫిట్టరు జగ్గారావు కదల్లేదు. రైల్వే క్వార్టరు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. లోపల కూతురు నూకరత్నం జడ వేసుకుంటోంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా ఆమెకు ఆ రోజే మొదటి డ్యూటీ.

"ఆ జడ ఇప్పేయ్. నువ్వెల్లొద్దు," అన్నాడు.

"ఏటి నాన్నా? నిన్న పొద్దున్నే కదా, నా కూతురికి ఉజ్జోగం వచ్చిందని ఈదంతా సెప్పుకొచ్చినావు!"

"సాయంత్రం బొమ్మ సూసినాక బుద్ధొచ్చినాది."

రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఆ సినిమా తల్లీ తండ్రీ కూతురూ ముగ్గురూ కలిసే చూశారు. హీరో కారు తోలుతాడు, ఫోను మీదే ఫ్యాక్టరీ నడిపిస్తాడు. హీరోయిన్ టెలిఫోన్ ఆపరేటరు. ఎవరితోనో నవ్వుతూ మాట్లాడిందని హీరో రిసీవరు లాక్కుని ఆమె చెంప పగలగొడతాడు. ఆమె ఉద్యోగం మానేసి అతని కాళ్ళ మీద పడుతుంది. హాలంతా చప్పట్లు. జగ్గారావు ఈల వేశాడు.

"నా కూతురు ఊరి మగోళ్ళందరితో ఫోనులో మాటాడతాదంటే వర్క్‌షాపులో నా పరువేటవుతాది?"

నూకరత్నం దువ్వెన విసిరికొట్టింది. "అదే ఫోను ఆడి సేతిలో ఉంటే దొర, ఆ పిల్ల సేతిలో ఉంటే సెడిపోనాదా? అడిగినోళ్ళకి నంబరు కలపడమే కదా దాని పని! ఆ కత రాసినోడికి తెల్దు సరే, నీకూ తెల్దా?"

"నోర్ముయ్!" జగ్గారావు లేచి చెయ్యెత్తాడు.

ఆ చెయ్యి గాలిలోనే ఆగింది. భార్య చిలకమ్మ పట్టుకుంది. పెళ్ళయ్యాక ఆమె అలా పట్టుకోవడం అదే మొదటిసారి.

"నిన్న ఆడు కొడితే నువ్వు ఈలేసినావు. నీ పక్కనే కూకున్నాను. నా సెయ్యి దానంతటదే నా సెంప మీదకి ఎల్లిపోనాది. పాలోడితో నవ్వినానని నన్ను కొట్టినావు, గేపకముందా? ఇది అప్పుడు నా కడుపులో ఉంది. నన్ను అంతమంది మద్దిన కొట్టుంటే, అప్పుడూ సప్పట్లే కొట్టుందురని నిన్న తెలిసినాది."

జగ్గారావు చెయ్యి వాలిపోయింది. నూకరత్నం నిర్ఘాంతపోయి తల్లిని చూసింది. తర్వాత చెప్పులు వేసుకుని తండ్రిని దాటి వెళ్ళిపోయింది.

అతను గుమ్మంలోనే కూలబడ్డాడు. "ఇన్నేళ్ళూ ఈ బాద మనసులో దాసుకున్నావేటే?"

"నువ్వెప్పుడైనా అడిగినావా?"

"తప్పయిపోనాది సిలకా." కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి.

చిలకమ్మ కరగలేదు. "నా కాడ ఏడిస్తే సాలదు. ఈదిలోకెల్లింది నీ కూతురు. ఎల్లి దానికి సెప్పు."

జగ్గారావు చెప్పులైనా లేకుండా పరుగెత్తాడు. వీధి కుళాయి దగ్గర ఆడా మగా బిందెలతో నిలబడి ఉన్నారు. "నూకాలూ!"

ఆమె వెనక్కి తిరిగింది. ముఖమంతా కన్నీళ్ళు, కోపం. "నాను ఇంటికి రాను నాన్నా."

"రమ్మనట్లేదమ్మా. నాదే తప్పు." అందరికీ వినబడేలా గొంతు పెంచాడు. "నా కూతురు డూటీకెల్తాంది! ఎవుడైనా నిన్ను ఏటైనా అంటే నాకు సెప్పు."

"నీకెందుకు? నాతోనే అనమను. నాకూ నోరుంది."

జగ్గారావు అందరి ముందూ తలవంచుకుని, "అలాగేనమ్మా," అన్నాడు.