నూట అరవై నాలుగు శాతం

“మీ మోటారు మీద నాకు అనుమానం లేదండీ. అలాగని నమ్మకమూ లేదు. కొలిచాక చెబుతాను.”

వర్క్‌షాపులో అడుగుపెట్టిన మొదటి పూటే ఆ అబ్బాయి అన్న మాట ఇది. అదీ ఎవరితో? చిన్న ఓనరుతో! తండ్రి నడిపే మోటార్ల వర్క్‌షాపులో ఆడుకుంటూ పెరిగి, ఇంజనీరింగ్ చదివి, చక్రాల కుర్చీ కోసం తనే ఒక మోటారు డిజైన్ చేసి, దానికి తన చేతులతో తీగ చుట్టిన పిల్లతో! పనివాళ్ళు ‘చిన్న ఓనరు’ అని పిలిస్తే ఆమె ఎప్పుడూ వద్దనలేదు. గర్వం ఉంది మరి. దానికి తగ్గ పనితనమూ ఉంది.

“అలాగే, కొలవండి మీటరుగారూ!” అందామె.

ఇక ఆ అబ్బాయికి అదే పేరు ఖాయమైపోయింది.

చక్రాల కుర్చీల కంపెనీ ఆవిడ స్వయంగా వచ్చి మోటారు చూస్తానంది. నచ్చితే వాళ్ళ కుర్చీలన్నిటికీ ఇదే. చిన్న ఓనరు డిజైన్ చేసిన మొట్టమొదటి మోటారు బయటి లోకంలో తిరుగుతుందా, ఇక్కడే అటకెక్కుతుందా అన్నది ఆ రోజే తేలిపోతుంది. అందుకే నాన్న ఎలక్ట్రానిక్స్ తెలిసిన ఈ కుర్రాణ్ణి పిలిపించి, మోటారుని కొలిచే టెస్ట్ బెంచి కట్టమన్నాడు. మోటారు లాగే బలం కొలిచే కాటా వర్క్‌షాపులోనే ఉంది. కరెంటుకి, వోల్టేజికి, వేగానికి తలో సెన్సారు కావాలి. ఏది కొనాలన్నా ఓ యుద్ధమే.

“మోటారుకిచ్చే నలభై ఎనిమిది వోల్టులు తిన్నగా ఇస్తే మీ కొలతల బోర్డు మాడి మసైపోతుంది” అందామె.

“రెండు రెసిస్టర్లు పెట్టి తగ్గించే ఇస్తానండీ. ఆ మాత్రం తెలీదా నాకు?”

వోల్టేజి సంగతి అలా తేలింది. కరెంటు దగ్గర మళ్ళీ మొదలు.

“తీగ మధ్యలో షంట్ ముక్క పెడితే చాలు కదా! అందరూ వాడేదే” అందామె.

“స్టార్టయ్యేటప్పుడు కరెంటు ఒక్కసారిగా ఎగదన్నుతుంది. షంట్ వేడెక్కి రీడింగ్ తేడా వస్తుంది. హాల్ సెన్సారు పెడదాం. తీగ కోసే పని కూడా లేదు, దాని ఉంగరంలోంచి దూర్చేస్తే సరి.”

“అబ్బో, అప్పుడే ఉంగరాల దాకా వచ్చేశారే!”

అతని చెవులు ఎర్రబడ్డాయి. అది చూసి ఆమెకు నవ్వాగలేదు. వాదనలో నెగ్గింది మాత్రం ఉంగరమే.

వేగం దగ్గర అతను లైటుతో పనిచేసే సెన్సారు చూపించాడు. ఆమె బెంచి మీద వేలితో ఓ గీత గీసి, వేలు అతని ముఖం ముందు పెట్టింది. నల్లటి మరక.

“ఈ దుమ్మూ, వార్నిష్ జిడ్డూ పడితే మీ లైటుకి కళ్ళు పోతాయి. తిరిగే షాఫ్టుకి ఓ అయస్కాంతం అంటించండి. అది ఎదురుగా వచ్చినప్పుడల్లా సెన్సారు ఒకటి లెక్కేసుకుంటుంది.”

“సరేనండీ.”

“అంత తేలిగ్గా ఒప్పేసుకున్నారేం?”

“కరెక్టు మాటకి ఎదురు చెప్పడం నాకు రాదండీ.”

అతను చూసింది వేలినా, ఆమెనా? తెలియలేదు. సాయంత్రం దాకా ఆ చూపు ఆమెను వదల్లేదు.

కంపెనీ ఆవిడ వచ్చిన రోజు జోరున వాన. ఆవిడ కూర్చున్నదీ చక్రాల కుర్చీలోనే. నాన్న గొడుగు పట్టి లోపలికి తీసుకొచ్చాడు. చిన్న ఓనరు స్విచ్ వేసింది. మోటారు ఝుమ్మని లేచింది. తెర మీద వేగం: నిమిషానికి మూడు వేల చుట్లు!

“పదిహేను వందలన్నారు కదమ్మా! రెట్టింపే!” అందావిడ.

నాన్న ఛాతీ ఉబ్బింది. చిన్న ఓనరు కాళ్ళు నేల మీద లేవు. మీటరుగారి ముఖం మాత్రం పాలిపోయింది.

“ఆపండి. లోపలికి వెళ్ళే పవరు కన్నా బయటికొచ్చేది ఎక్కువ చూపిస్తోంది. నూట అరవై నాలుగు శాతం! తిన్నదానికంటే ఎక్కువ పనిచేసే మోటారు ఎక్కడా ఉండదు.”

“నా మోటారునా మీరు...” ఆమె విసురుగా స్విచ్ ఆపేసింది.

“మీ మోటారుకేం కాలేదు. తప్పు నా సెన్సారుదే అయ్యుంటుంది” అని ఆవిడ వైపు తిరిగాడు. “క్షమించండి, పొరపాటు నాది.”

అప్పుడు తట్టింది ఆమెకు. పొద్దున ఇటువైపు నుంచి చూస్తే షాఫ్టుకి అయస్కాంతం కనిపించలేదు. పాపం మర్చిపోయాడనుకుని, గప్‌చుప్‌గా తనే ఒకటి అంటించింది. ఇప్పుడు షాఫ్టుని చేత్తో తిప్పి చూసింది. ఇటు తనది. అటువైపు అతనిది. ఒక్క చుట్టుకి రెండు లెక్క!

నోరు మూసుకుంటే నింద అతని మీదే ఉండిపోతుంది. నోరు విప్పితే ఆ మూడు వేలు గాల్లో కలిసిపోతాయి, తన పరువుతో సహా.

“తప్పు ఆయనది కాదండీ, నాది” అంది. “రెండో అయస్కాంతం నేనే పెట్టాను. అసలు వేగం పదిహేను వందలే. శాతం ఎనభై రెండు. మూడు వేలనుకుని మీరు గేర్లు పెట్టించుకుంటే మీ కుర్చీ సగం వేగంతో పాకుతుంది.”

ఆవిడ చక్రాలు తిప్పుకుంటూ బెంచి దగ్గరకొచ్చింది.

“గొప్ప అంకెలు నమ్మి, ఎత్తు ఎక్కలేక దారి మధ్యలో ఆగిపోయిన కుర్చీల్లో కూర్చున్నదాన్ని” అందావిడ మెల్లగా. “నేను మెచ్చుకున్న అంకెని నా ముందే సగం చేసిన మనిషిని మాత్రం ఇప్పుడే చూస్తున్నా. ఎనభై రెండు చాలు తల్లీ. నీ మోటారే కావాలి నాకు.”

“నా కూతురండీ!” అన్నాడు నాన్న. అక్కడున్న అందరికీ తెలిసిన సంగతే. అయినా వర్క్‌షాపంతా వినబడేలా అన్నాడు.

ఆవిడను సాగనంపడానికి నాన్న గుమ్మం దాకా వెళ్ళాడు. ఆమె స్క్రూడ్రైవరు తీసుకుని తన అయస్కాంతాన్ని పెకలించబోయింది.

“ఎందుకు అంటించారు?” అడిగాడు అతను.

“నాన్న ముందు మీ పరువు పోతుందని.”

“నా పరువుతో మీకేం పని?”

స్క్రూడ్రైవరు కదల్లేదు.

“తీయకండి” అన్నాడు. “ఒక్కటే ఉంటే ఒకవైపు బరువై షాఫ్టు వణుకుతుంది. ఎదురుగా రెండోది ఉంటే కుదురుగా తిరుగుతుంది. ఇందాక గమనించాను.”

“మరి లెక్క?”

“రెండుగా భాగించి ఇద్దరం పంచుకుందాం. జీవితాంతం.”

“మొదటి రోజు నమ్మకం లేదన్నారుగా?”

“కొలిచాక చెబుతానన్నాను. కొలిచాను.”

ఆమె తల తిప్పుకుంది, నవ్వు దాచుకోవడానికి. దాగితేగా!

వెనక నుంచి నాన్న గొంతు వినిపించింది.

“బాబూ మీటరూ! ఈసారి తీగ దూర్చే ఉంగరం కాదు, అసలుది పట్టుకురా. సైజు నా కూతుర్ని అడుగు, కొలతల్లో నీకంటే గట్టిది!”